ఒకరికి మెమో, ఇంకొకరికి మందలింపు

ఉద్యోగం పోయిన మనిషి లాయరు దగ్గర కూర్చున్నాక చెప్పే మొదటి మాట చాలాసార్లు ఒకటే: "అదే పని వాడూ చేశాడండీ, వాణ్ణి ఏమీ అనలేదు." గోదావరి డెల్టాలో దానికి ఇంకో మాట కూడా తోడవుతుంది: "వాడు వాళ్ల మనిషి." ఈ రెండు మాటలూ ఒకే ఫిర్యాదులా వినిపిస్తాయి గానీ చట్టం వీటిని విడివిడిగా చూస్తుంది. శిక్షలో తేడా ఉందా అనేది ఒక ప్రశ్న. ఆ తేడాకు కారణం ఏమిటనేది ఇంకో ప్రశ్న. ప్రభుత్వ ఉద్యోగికి మొదటిదే చాలావరకు సరిపోవచ్చు. ప్రైవేటు ఉద్యోగి రెండోది కూడా చూపించాలి. ఎక్కువ కేసులు నీరుగారేది అక్కడే.

డెల్టాలో ఉద్యోగాల తీరు చూస్తే ఈ ఫిర్యాదు ఎందుకంత తరచుగా వస్తుందో తెలుస్తుంది. భీమవరం, కాకినాడ చుట్టూ రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు, మండపేట, తణుకు వైపు రైస్ మిల్లులు, కోనసీమలో కొబ్బరి పీచు యూనిట్లు, ప్రతి పట్టణంలో ప్రైవేటు కాలేజీలు, నర్సింగ్ హోమ్‌లు, బట్టల షాపులు. చాలా చోట్ల యజమాని, సూపర్‌వైజర్, పనివాడు ఒకే మండలం వాళ్లు. ఎవరిది ఏ పేటో, ఎవరి తండ్రి ఎవరి పొలం కౌలుకు చేశాడో అందరికీ తెలుసు. ఈ పరిచయం వల్ల మేలూ ఉంది. పిల్లకు జ్వరమంటే అడగకుండానే సెలవిస్తారు, పెళ్లికి అడ్వాన్సు ఇస్తారు. ఆ దయ ఎవరి మీద చూపిస్తున్నారు, ఎవరి మీద చూపించడం లేదు అన్న దగ్గరే గొడవ మొదలవుతుంది.

ఒక యూనిట్‌లో ఇలా జరిగిందనుకుందాం. సంక్రాంతి మూడు రోజులూ సగం మంది రారు. కోడిపందేల బరి దగ్గర ఎవరున్నారో మేనేజర్‌కు తెలుసు, ఒక్కోసారి ఆయనా అక్కడే ఉంటాడు. కనుమ వెళ్లిన మర్నాడు కూడా రాని వాళ్లకు "ఏవయ్యా, పండగ ఇంకా అవ్వలేదా" అన్న మందలింపుతో సరిపోతుంది. అదే యూనిట్‌లో డిసెంబర్ 31 రాత్రి చర్చిలో ఆరాధనకు వెళ్లి, జనవరి 1న రాని మనిషికి 'అనుమతి లేని గైర్హాజరు' అని షోకాజ్ నోటీసు వెళ్తుంది. నియమం ఒకటే. నోటీసులో రాసిన ప్రతి అక్షరం నిజమే. సంజాయిషీ ఇవ్వాల్సిన మనిషికి తప్పు ఒప్పుకోవడం తప్ప చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు. అన్యాయం ఆ నోటీసులో లేదు, వెళ్లని నోటీసుల్లో ఉంది.

అందరికీ ఒకేలా అమలు చేసినా కొందరి మీదే పడే నియమాలు వేరే రకం. మూడుసార్లు ఆలస్యమైతే ఒక రోజు జీతం కోత అన్న నియమాన్ని తీసుకుంటే, ఊళ్లో ఉండి బండి మీద వచ్చేవాడికి అది పెద్ద సంగతి కాదు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం పనికి వచ్చేవాళ్లకు, వరద రోజుల్లో పడవ దాటి రావాల్సిన లంక గ్రామాల వాళ్లకు అది ప్రతి ఏడాదీ పడే జరిమానా. ఇలాంటి పరోక్ష వివక్షను సుప్రీంకోర్టు 2021లో లెఫ్టినెంట్ కల్నల్ నితీష కేసులో స్పష్టంగా గుర్తించింది. సైన్యంలో మహిళా అధికారులకు పర్మినెంట్ కమిషన్ (రిటైరయ్యే దాకా కొనసాగే హోదా) ఇచ్చేటప్పుడు పెట్టిన కొలమానాలు పైకి అందరికీ ఒకేలా కనిపించినా, ఆచరణలో మహిళలకే నష్టం చేశాయని తేల్చింది. అది ప్రభుత్వం మీద వచ్చిన తీర్పు. పంటు దిగి మిల్లుకు వచ్చే మనిషికి దాన్ని నేరుగా వాడుకునే దారి ఇంకా లేదు.

సర్కారీ ఉద్యోగికి ఉన్న దారి

చట్టం ముందు సమానత్వాన్ని, ప్రభుత్వ ఉద్యోగాల్లో సమాన అవకాశాన్ని చెప్పే రాజ్యాంగం 14, 16 అధికరణాలు ప్రభుత్వాన్ని, ప్రభుత్వ సంస్థలను కట్టిపడేస్తాయి. కలెక్టరేట్ గుమాస్తా, ప్రభుత్వ బ్యాంకు క్యాషియర్, ఓఎన్‌జీసీ ఉద్యోగి, 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వంలో విలీనమైన ఆర్టీసీ సిబ్బంది అందరూ ఈ గొడుగు కిందికే వస్తారు. వీళ్ల విషయంలో 'ఒకే ఘటన, ఒకే తప్పు, వేర్వేరు శిక్షలు' అన్న వాదనకు కోర్టుల్లో గట్టి చరిత్రే ఉంది. పంజాబ్ పోలీసుల ఆందోళన తర్వాత తీసేసిన వాళ్లలో ఎక్కువమందిని తిరిగి చేర్చుకుని కొందరిని మాత్రం బయట ఉంచినప్పుడు, అది వివక్షేనని 1983లో సెంగారా సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2013లో రాజేంద్ర యాదవ్ కేసు ఇంకో అడుగు వేసింది. ఒకే ఘటనలో పెద్ద పాత్ర ఉన్న పోలీసుకు చిన్న శిక్ష వేసి, చిన్న పాత్ర ఉన్న కానిస్టేబుల్‌ను డిస్మిస్ చేశారు. తప్పు చేసినవాళ్ల మధ్య కూడా సమానత్వ సూత్రం వర్తిస్తుందని చెప్పి కోర్టు ఆ శిక్షను కొట్టేసింది.

అయితే ఈ సూత్రాన్ని జనం అర్థం చేసుకునే తీరు వేరు, కోర్టు వాడే తీరు వేరు. "వాణ్ణి వదిలేశారు కాబట్టి నన్నూ వదిలేయండి" అంటే కోర్టు వినదు. ఒకరికి చట్టవిరుద్ధంగా దక్కిన లాభం ఇంకొకరికి హక్కు కాదని చండీగఢ్ అడ్మినిస్ట్రేషన్ వర్సెస్ జగ్జీత్ సింగ్ కేసు నుంచి కోర్టులు చెబుతూనే ఉన్నాయి. కోర్టు వినేది ఇంతకన్నా ఇరుకైన మాట: ఇద్దరిదీ ఒకే ఘటన, ఒకే స్థాయి పాత్ర, ఇద్దరినీ దోషులుగా తేల్చారు, అయినా శిక్షలో ఏ కారణమూ లేని తేడా ఉంది. ఈ నాలుగింటిలో ఒకటి తప్పినా వాదన బలం తగ్గిపోతుంది.

తప్పు బయటపడ్డాక ఎలా నడుచుకున్నారు అన్నది కూడా లెక్కలోకి వస్తుంది. 2013లోనే లక్నో క్షేత్రీయ గ్రామీణ బ్యాంకు కేసులో, తప్పు ఒప్పుకుని క్షమాపణ చెప్పినవాళ్లకు తేలిక శిక్ష, ఒప్పుకోక పోరాడినవాళ్లకు పెద్ద శిక్ష వేయడం వివక్ష కాదని సుప్రీంకోర్టు అంది. న్యాయశాస్త్రం ప్రకారం ఇది సబబుగానే కనిపిస్తుంది. కానీ డెల్టా ఆఫీసుల్లో క్షమాపణ దానంతట అది రాదు. సరైన సమయంలో "ఒక కాగితం రాసిచ్చెయ్, సార్‌తో నేను మాట్లాడతాను" అని చెప్పే పెద్దమనిషి, యూనియన్ నాయకుడు, దూరపు చుట్టం ఉన్నవాడికే ఆ అవకాశం దొరుకుతుంది. అలాంటి మనిషి లేనివాడు ఎంక్వైరీ దాకా వెళ్తాడు, అక్కడ మొండివాడిగా ముద్ర వేయించుకుంటాడు. మధ్యవర్తి ఉండటం, లేకపోవడం కులాన్ని, ఊరిని, డబ్బును బట్టి ఉంటుందన్నది కోర్టు ముందుకు వచ్చే విషయం కాదు.

పాత రికార్డు

ఈ మొత్తం వ్యవహారంలో తక్కువ చర్చకు వచ్చేది, ఎక్కువ నష్టం చేసేది పాత రికార్డు.

శిక్ష నిర్ణయించేటప్పుడు తప్పు తీవ్రతతోపాటు ఉద్యోగి గత చరిత్రను కూడా చూడాలని మోడల్ స్టాండింగ్ ఆర్డర్లు (పనిచోట తప్పులు, శిక్షలు రాసిపెట్టే నియమావళికి నమూనా) చెబుతాయి. కోర్టులు కూడా అదే చూస్తాయి. భారత్ ఫోర్జ్ కేసు దీనికి మంచి ఉదాహరణ. పగటి షిఫ్టులో ఇనుప పలక మీద పడుకుని నిద్రపోతూ దొరికిన కార్మికుణ్ణి తీసేస్తే, కింది కోర్టులు ఆ శిక్ష ఎక్కువ అన్నాయి. 2005లో సుప్రీంకోర్టు మాత్రం శిక్షను సమర్థించింది. అంతకుముందు మూడుసార్లు అతనికి శిక్షలు పడి ఉండటమే అందులో పెద్ద అంశం.

ఆ కేసులో తప్పేమీ లేకపోవచ్చు. కానీ ఇదే సూత్రాన్ని తెచ్చి డెల్టాలో ఒక ఐస్ ఫ్యాక్టరీలో పెట్టి చూద్దాం. ఇద్దరు ఆపరేటర్లు రాత్రి షిఫ్టులో నిద్రపోతారు, ఇద్దరూ దొరుకుతారు. ఒకతన్ని మేనేజర్ పక్కకు పిలిచి నోటితో తిడతాడు. రెండో అతనికి మెమో ఇస్తాడు, అది ఫైల్లో చేరుతుంది. ఏడాదిలో ఇలా మూడుసార్లు జరుగుతుంది. నాలుగోసారి ఇద్దరూ ఒకే రాత్రి దొరికినప్పుడు ఒకరి ఫైలు ఖాళీ, ఇంకొకరిది మూడు మెమోల ఫైలు. అప్పుడు యాజమాన్యం మొదటివాడికి హెచ్చరిక, రెండోవాడికి డిస్మిసల్ ఇస్తే, కాగితం మీద అది పూర్తిగా న్యాయమైన తేడా. "ఇద్దరూ ఒకే స్థితిలో లేరు, రెండో వ్యక్తి పాత రికార్డు బాగోలేదు" అని లాయరు వాదిస్తే జవాబు చెప్పడం కష్టం. క్షమ నోటి మాటతో పోతుంది, శిక్ష కాగితం మీద మిగులుతుంది. అలా మిగిలిన కాగితాలే తర్వాతి శిక్షకు ఆధారమవుతాయి. చట్టం తేడాకు ఒప్పుకునే కారణాన్ని ఆ తేడాయే తయారుచేసి పెడుతుంది.

ఇంతవరకూ భారతీయ కోర్టులు ఈ చిక్కును నేరుగా విప్పినట్టు కనిపించదు. పోల్చి చూడటం అన్న పద్ధతిని అమెరికన్ కోర్టులు ఇంతకన్నా ముందుకు తీసుకెళ్లాయి. 1976లో మెక్‌డొనాల్డ్ వర్సెస్ శాంటాఫే ట్రెయిల్ కేసులో, రవాణా సరుకులోంచి యాంటీఫ్రీజ్ డబ్బాలు కాజేశారని ముగ్గురి మీద ఆరోపణ వచ్చింది. ఇద్దరు తెల్లవాళ్లను తీసేసి నల్లజాతి ఉద్యోగిని ఉంచారు. దొంగతనానికి ఉద్యోగం తీసేయవచ్చు, కానీ ఆ కొలత అన్ని జాతుల వాళ్లకూ ఒకేలా ఉండాలని అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పు రాసిన జస్టిస్ థర్‌గుడ్ మార్షల్ నల్లజాతి హక్కుల కోసం జీవితమంతా వాదించిన లాయరు. ఆయన ఆ తీర్పు తెల్లవాళ్ల వైపు రాయడం ఆ సూత్రం ఎవరి పక్షమూ కాదని చూపిస్తుంది. ఇద్దరి తప్పూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండాల్సిన పనిలేదని, తీవ్రతలో పోలిక ఉంటే చాలని కూడా ఆ తీర్పులో ఉంది. అక్కడ ఈ వాదనకు పునాది 1964 నాటి పౌరహక్కుల చట్టం. అది ప్రైవేటు యజమానికీ వర్తిస్తుంది. ఇక్కడ లేనిది అదే.

ప్రైవేటు ఉద్యోగికి ముక్కలు ముక్కలుగా

ఉద్యోగంలో వివక్ష వద్దన్న అంతర్జాతీయ కార్మిక సంస్థ 111వ ఒప్పందాన్ని భారత్ 1960లోనే ఆమోదించింది. అయినా కులం, మతం, ప్రాంతం ఆధారంగా ప్రైవేటు యజమాని వివక్ష చూపితే నేరుగా ప్రశ్నించే సమగ్ర చట్టం దేశంలో ఇప్పటికీ లేదు. ఉన్నవి ముక్కలు. స్త్రీ పురుషుల మధ్య జీతంలోనూ ఉద్యోగ షరతుల్లోనూ తేడా చూపకూడదని వేతనాల కోడ్ అంటుంది. వికలాంగులకు 2016 చట్టం, హెచ్ఐవీ ఉన్నవాళ్లకు 2017 చట్టం, ట్రాన్స్‌జెండర్లకు 2019 చట్టం ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీల అత్యాచార నిరోధక చట్టం అవమానాన్ని, బహిష్కరణను పట్టుకుంటుంది గానీ 'ఒకే తప్పుకు నాకు మెమో, అతనికి మందలింపు' అన్నది ఆ చట్టంలోని నేరాల్లో తేలిగ్గా ఇమడదు.

అందుకే ప్రైవేటు కార్మికుడు వివక్ష అన్న మాటను పక్కనపెట్టి కార్మిక చట్టం దారిలో వెళ్లాలి. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్, అంతకుముందున్న 1947 పారిశ్రామిక వివాదాల చట్టం, రెండూ అనుచిత కార్మిక విధానాల జాబితా ఒకటి ఇస్తాయి. ప్రతిభతో సంబంధం లేకుండా ఒక వర్గం కార్మికుల మీద పక్షపాతం చూపడం అందులో ఉంది. చిన్నపాటి తప్పుకు, గత సర్వీసును చూడకుండా, మితిమీరిన శిక్షగా ఉద్యోగం తీసేయడం కూడా ఉంది. కక్షసాధింపుగా తీసేయడం సరేసరి. శిక్ష ఎక్కువైందని అనిపిస్తే తగ్గించే అధికారం కార్మిక వివాదాలు విచారించే ట్రైబ్యునల్‌కు ఉంది. కాబట్టి సహోద్యోగితో పోలికను శిక్ష మితిమీరిందనడానికి సాక్ష్యంగా వాడుకోవడమే ఇక్కడ ఎక్కువ ఫలితమిచ్చే పద్ధతి.

కానీ ఈ తలుపు అందరికీ తెరుచుకోదు. స్టాండింగ్ ఆర్డర్లు తప్పనిసరి అయ్యే సంఖ్య వంద నుంచి మూడు వందలకు పెరిగింది. డెల్టాలోని రైస్ మిల్లుల్లో, పీచు యూనిట్లలో అంతమంది ఉండేవి అరుదు. అంటే ఏది తప్పు, దానికి ఏ శిక్ష అన్న రాతపూర్వక పట్టికే చాలా చోట్ల ఉండదు. నియమమే రాయని చోట దాని అమలులో తేడా చూపించడం ఇంకా కష్టం. ఇక టీచర్లు, లెక్చరర్లు 'వర్క్‌మన్' (కార్మిక వివాదాల చట్టం రక్షణ ఉన్న కార్మికుడు) నిర్వచనంలోకి రారని 1988లో సుందరాంబాళ్ కేసు తేల్చింది. ప్రైవేటు కాలేజీ లెక్చరర్‌కు మిగిలేది ఆంధ్రప్రదేశ్ విద్యా చట్టంలోని రక్షణ, హైకోర్టు రిట్. బట్టల షాపు సేల్స్‌గర్ల్‌కు, నర్సింగ్ హోమ్ రిసెప్షనిస్టుకు 1988 షాపులు, ఎస్టాబ్లిష్‌మెంట్ల చట్టం ఉంది. ఆరు నెలలు పనిచేసినవాళ్లను తగిన కారణం, నెల నోటీసు లేదా నెల జీతం లేకుండా తీసేయకూడదని, తీసేస్తే అప్పీలు చేసుకోవచ్చని అది చెబుతుంది. ఈ చట్టం ఉందని తెలిసిన సేల్స్‌గర్ల్స్ ఎంతమంది అన్నది వేరే సంగతి.

అన్నిటికన్నా అడుగున ఉన్నది రొయ్యల ప్లాంట్లలో తలలు తీసే, పొట్టు ఒలిచే ఆడవాళ్లు. చాలామంది కాంట్రాక్టర్ కింద, మేస్త్రీ పిలుపు మీద వస్తారు. తెల్లవారుజామున ఊరి చివర ఆగే వ్యాన్ ఎక్కితే పని ఉన్నట్టు. వీళ్లకు మెమో రాదు, ఎంక్వైరీ జరగదు. సూపర్‌వైజర్‌కు ఎదురు చెప్పిన మనిషి కోసం మర్నాడు వ్యాన్ ఆగదు, అంతే. ఎదురు చెప్పినా మేస్త్రీ చుట్టమైన మనిషికి మాత్రం ఆగుతుంది. పైన చెప్పిన చిక్కు ఇక్కడ ఇంకోలా ఉంటుంది: క్షమా శిక్షా రెండూ నోటి మాటే కాబట్టి పోల్చడానికి ఏ వైపూ కాగితం లేదు. పైగా తొలగింపు నుంచి చట్టం రక్షణ కావాలంటే ఏడాదిలో 240 రోజులు పనిచేశానని చూపించాలి, ఆ భారం కార్మికురాలి మీదే ఉందని 2002 నాటి హడిమని తీర్పు చెబుతోంది. ఈఎస్ఐ, పీఎఫ్ కోత పడ్డ నెలలే చాలాసార్లు దొరికే ఏకైక రుజువు. ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలని కొత్త వృత్తి భద్రతా కోడ్ అంటోంది. అది షెడ్డుల దాకా వస్తే ఈ పరిస్థితి కొంత మారుతుంది.

పోల్చడానికి ప్రతిసారీ ఇంకో మనిషే అక్కర్లేదు. లైంగిక వేధింపు మీద ఫిర్యాదు ఇచ్చిన మహిళకు ఆ తర్వాతి నెల నుంచి ఆలస్యానికి మెమోలు మొదలైతే, ఆమె గత ఏడాది హాజరు పట్టీయే పెద్ద సాక్ష్యం. అప్పుడూ అదే పది నిమిషాల ఆలస్యం, అప్పుడు ఒక్క మెమో లేదు. మధ్యలో మారింది ఫిర్యాదు ఒక్కటే. 2013 చట్టం ప్రకారం పది మంది, ఆపైన పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. చిన్న చోట్ల వాళ్లకు జిల్లా స్థాయి లోకల్ కమిటీ ఉంది. ఉద్యోగంలో నష్టం చేస్తామన్న బెదిరింపు కూడా వేధింపు నిర్వచనంలో భాగమే కాబట్టి ఆ మెమోలను కమిటీ ముందు పెట్టవచ్చు.

మిగతా కేసుల్లో రుజువు సంపాదించడమే అసలు యుద్ధం. ప్రభుత్వ ఉద్యోగులు ముందుగా సమాచార హక్కు చట్టం వైపు చూస్తారు. కానీ ఉద్యోగికి ఇచ్చిన మెమోలు, షోకాజ్‌లు, శిక్షల వివరాలు అతని వ్యక్తిగత సమాచారమని 2012లో గిరీష్ రామచంద్ర దేశ్‌పాండే కేసులో సుప్రీంకోర్టు చెప్పడంతో ఆ దారి దాదాపు మూసుకుపోయింది. సహోద్యోగి ఆంతరంగికతను కాపాడే తీర్పు అతనికి దక్కిన పక్షపాతాన్నీ కాపాడుతోంది. పేర్లు తీసేసి, 'గత మూడేళ్లలో ఈ తప్పు మీద ఎన్ని కేసులు, ఏ శిక్షలు' అని లెక్కలు మాత్రం అడిగితే తిరస్కరించడం కష్టమవుతుంది. ఎంక్వైరీలో గానీ ట్రైబ్యునల్‌లో గానీ రికార్డులు తెప్పించమని దరఖాస్తు పెట్టే వీలూ ఉంది. యాజమాన్యం ఆ రిజిస్టర్లు తేకపోతే, తెస్తే తమకు నష్టమనే తేలేదన్న ఊహకు ఆస్కారం ఏర్పడుతుంది.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, పోలికను ఆఖర్లో బయటపెట్టడం. షోకాజ్‌కు ఇచ్చే మొదటి జవాబులోనే ఆ మాట ఉండాలి. 'అందరినీ వదిలేస్తున్నారు' అని కాకుండా, ఫలానా తేదీన ఫలానా సెక్షన్‌లో ఇదే తప్పుకు ఫలానా చర్య మాత్రమే తీసుకున్నారని రాయాలి. ఎంక్వైరీ ఆఫీసర్ దాన్ని పట్టించుకోకపోయినా, అది రికార్డులో ఉంటుంది. తొలిసారి కోర్టులో ఆ మాట ఎత్తితే 'తర్వాత కల్పించిన వాదన' అంటారు. సహోద్యోగిని ఇరికించడం ఇష్టంలేక ఆగిపోయేవాళ్లూ ఉంటారు. ఊళ్లో రేపు మొహమొహాలు చూసుకోవాలి కదా అన్న ఆ జంకు అర్థమయ్యేదే. అలాంటప్పుడు పేరు లేకుండా తేదీ, షిఫ్టు, సెక్షన్ ఇచ్చినా సరిపోతుంది. రిజిస్టర్ తెప్పిస్తే మిగతాది అదే చెబుతుంది.

గడువులు కూడా చిన్నవే. ఇరవై మంది, ఆపైన పనిచేసే చోట కొత్త కోడ్ కింద ఉండాల్సిన ఫిర్యాదుల కమిటీకి ఏడాదిలోపు దరఖాస్తు ఇవ్వాలి, కమిటీ ముప్పై రోజుల్లో తేల్చాలి. ఉద్యోగం పోయిన విషయాన్ని నేరుగా లేబర్ కోర్టుకు తీసుకెళ్లే గడువు పాత చట్టంలో మూడేళ్లు ఉండేది, ఇప్పుడు కన్సిలియేషన్‌కు (అధికారి ముందు రాజీ ప్రయత్నానికి) గడువు రెండేళ్లు. సస్పెన్షన్‌లో ఉన్నవాళ్లకు మొదటి తొంభై రోజులు సగం జీతం, ఆలస్యం ఉద్యోగి వల్ల కాకపోతే ఆ తర్వాత డెబ్బై ఐదు శాతం జీవనభృతి రావాలి. ఆ డబ్బు ఆగిపోవడం వల్లే చాలామంది ఎంక్వైరీ మధ్యలో రాజీకి ఒప్పుకుని సంతకం పెట్టేస్తారు. కాబట్టి భృతి ఇవ్వడం లేదని ఎంక్వైరీ ఆఫీసర్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద ముట్టినట్టు సంతకం తీసుకోవడం మొదటి వారంలోనే అయిపోవాలి.